జుమ్మేరాత్ అంటే ఏ రోజు

ఆ గురువారం ఉదయం ఫోన్‌లో నేను అన్న మాట ఇది: "మీ చాచానే రోజు తప్పు చెప్పిండొచ్చు. మన ప్రోగ్రాంల తప్పు లేదమ్మా."

అటువైపు మా ఆఫీసులో టెస్టింగ్ చేసే అమ్మాయి. సెలవులో ఉంది. వాళ్ల దాదీ, అంటే నాన్నమ్మ, హజ్ చేసి వచ్చిన సంతోషానికి ఆ మధ్యాహ్నం ఇంట్లో దావత్. బియ్యం కడిగి నానబెట్టారట, మాంసం వచ్చిందట, వంటాయన వచ్చి కూర్చున్నాడట. వండటానికి డేగులు మాత్రం రాలేదు. డేగు అంటే బిర్యానీ వండే పెద్ద రాగిపాత్ర. వాటితోపాటు రావలసిన షామియానా, చాపలు కూడా రాలేదు. వాళ్ల చాచా, అంటే బాబాయి, బుకింగ్ చేసింది మేం తయారుచేసిన ప్రోగ్రాంలోనే. ఆ అమ్మాయి అడిగింది ఎందుకు రాలేదని. నేను ఆ జవాబు ఇచ్చాను.

ఆమె మెల్లగా అడిగింది. "సార్, నేను రాసిన లైను ఉన్నదా?"

ఆ ప్రశ్న అర్థం కావాలంటే మీకు కొంచెం మా పని గురించి చెప్పాలి. కొంచెమే చెప్తాను. మీలో ఈ సాఫ్ట్‌వేర్ పని నాకంటే బాగా చేస్తున్నవాళ్లు చాలామందే ఉంటారు.

ఉద్యోగంలో నా చివరి కొన్నేళ్లు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైనున్న చిన్న ఆఫీసులో గడిచాయి. అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా ఇల్లు. పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చేవాణ్ణి. మెట్లెక్కే రైతులు అప్పుడప్పుడు మా గదిలోకి తొంగిచూసి యూరియా లారీ వచ్చిందా అని అడిగేవారు. మొదట్లో చికాకు పడేవాళ్లం. తర్వాత మేమే పొద్దున కింద కనుక్కుని వచ్చి జవాబు చెప్పడం మొదలుపెట్టాం. ఆఫీసులో అందరం సంతోషంగానే ఉండేవాళ్లం. చిన్న ఆఫీసు కాబట్టి ఒకరి టిఫిన్ డబ్బా ఇంకొకరికి తెలియకుండా మూత తెరుచుకునేది కాదు.

ఆ ఏడాది మాకు ఒక టెంట్‌హౌస్ పని దొరికింది. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికి ఇచ్చే దుకాణం. గిరాకీ, అంటే సామాను కావలసిన మనిషి, ఫోన్‌లో మాట్లాడితే ఆ మాటలు అక్షరాలుగా మారతాయి. ఆ అక్షరాలను చదివి ఏ సామాను, ఎంత, ఏ రోజు, ఏ పూట అని విడదీసే ప్రోగ్రాం మాది. అట్లా విడదీసేదాన్ని పార్సర్ అంటారు. దాన్ని రాసింది కోహెడ నుంచి వచ్చే ఒక కుర్రవాడు. నన్ను అన్నా అనేవాడు. నేను అతన్ని తమ్ముడనే పిలిచేవాణ్ణి, ఇక్కడా అట్లాగే రాస్తాను.

పార్సర్ సరిగ్గా చదువుతోందా లేదా అని చూడటానికి నేను ఒక చిన్న భాష తయారుచేశాను. పెద్ద విద్య కాదు. ఒక ఫైలులో వరసగా లైన్లు. ఎడమపక్క గిరాకీ అనే మాట, మధ్యలో బాణం, కుడిపక్క దాని నుంచి రావలసిన ఫలితం. "రేపు మాపటికి" అంటే రేపటి తేదీ, సాయంత్రం. పార్సర్ అసలు ఒప్పుకోకూడని మాటలకు కుడిపక్క "తప్పు" అని రాస్తాం. ఈ ఫైలును ఇస్తే నా పరికరం ఒక్కో లైనుకు ఒక్కో పరీక్ష తానే పుట్టిస్తుంది, నడిపిస్తుంది. పాసైనవి పచ్చగా, ఫెయిలైనవి ఎర్రగా కనబడతాయి. కోడ్ రాయడం రానివాళ్లు కూడా ఈ లైన్లు రాయగలరని నా గర్వం.

నిజంగానే అందరూ రాశారు. ఆ వారాలు మా ఆఫీసులో పండగలాగే ఉండేవి. టెంట్‌హౌస్ యజమాని, పొట్ట ఊగేలా నవ్వే మనిషి, చాయ్ తాగడానికి పైకి వచ్చి తను కూడా లైన్లు చెప్పేవాడు. "గిరాకీ వచ్చి నిన్న చెప్పిన గదే కావాలె అంటడు. గప్పుడేం జేస్తది మీ మిషిన్?" అని ఒకరోజు అడిగాడు. అది రాశాం. నిన్నటికి షామియానా కావాలంటే తప్పు అని రాశాం. పెళ్లి ఎప్పుడో చెప్పకుండా పెళ్లికొడుకు ఎంత మంచివాడో చెప్పే మనుషుల మాటలు కూడా రాశాం.

అందరికంటే మంచి లైన్లు ఆ అమ్మాయివి. ఇబ్రహీంపట్నం దాటిన తర్వాత ఒక ఊళ్లో వాళ్లది ఎప్పటినుంచో ఉంటున్న కుటుంబం. చాచా దగ్గర పెరిగింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. మనుషులు నిజంగా ఎట్లా మాట్లాడతారో ఆమెకు బాగా వినబడేది. గురువారానికి బేస్తవారం, ఆదివారానికి ఐతారం అనే మాటలు రాసింది. వాటి పక్కనే ఒకటి రాసింది: జుమ్మేరాత్, బాణం, గురువారం.

ఆ లైను పరీక్షలో ఫెయిలైంది. మిగతావన్నీ పచ్చగా, అదొక్కటే ఎర్రగా. మరుసటి రోజు టెంట్‌హౌస్‌కు ప్రోగ్రాం అప్పగించాలి. ఆమె అప్పటికే సెలవు మీద వెళ్లింది. నేను ఆ లైను చూశాను. జుమ్మా అంటే శుక్రవారం, చిన్నప్పటినుంచి తెలుసు. రాత్ అంటే రాత్రి, అదీ తెలుసు. పార్సర్ కూడా సరిగ్గా అట్లాగే విడదీసింది: శుక్రవారం, రాత్రి. పార్సర్ సరిగ్గానే చదివింది, పాపం ఆ అమ్మాయే తొందరలో గురువారం అని రాసిందనుకున్నాను. జుమ్మా, రాత్, రెండు మాటలూ నాకు తెలిసినవే. కాబట్టి రెండూ కలిస్తే నాకు తెలియని మూడో మాట అవుతుందేమోనన్న అనుమానం రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఒక్క నిమిషం పని. బాణానికి కుడిపక్కనున్నది చెరిపి, శుక్రవారం రాత్రి అని రాశాను. పరీక్షలు మళ్లీ నడిపాను. మొత్తం పచ్చగా వచ్చింది. తమ్ముడు కిందికి పోయి వేడివేడి మిర్చీ బజ్జీలు తెచ్చాడు, అందరం తిన్నాం.

జుమ్మేరాత్ అంటే గురువారమే. ఉర్దూలో ఆ రోజు పేరే అది. అది విడదీసి చదవాల్సిన మాట కాదు.

ఆ అమ్మాయి ఇంట్లో చాచాకు ఈ ప్రోగ్రాం మీద నమ్మకం లేదు. ఎప్పటిలాగే మనిషిని పంపి చెప్పిస్తానన్నాడు. ఆమే పట్టుబట్టి, ఇది మేం తయారుచేసింది, ఒకసారి చూడు అని ఒప్పించింది. ఆయన ఫోన్ తీసుకుని, జుమ్మేరాత్‌కు ఇన్ని డేగులు, ఇంత షామియానా అని మాట్లాడాడు. వెంటనే జవాబు కూడా వచ్చింది: మీ బుకింగ్ ఖాయం, జుమ్మేరాత్. గిరాకీ ఏ మాట వాడితే అదే మాటలో జవాబివ్వాలి, అది మర్యాద అని ఆ ఏర్పాటు పెట్టింది కూడా నేనే. అందువల్ల ఆయనకు అనుమానం రాలేదు. టెంట్‌హౌస్ గోదాంలో వచ్చిన చీటీలో మాత్రం శుక్రవారం రాత్రి అని ఉంది.

ఇదంతా నాకు ఆ గురువారం ఉదయం, ఆమె నా లైను ఉన్నదా అని అడిగిన తర్వాత ఫైలు తెరిస్తే అర్థమైంది. చూసి చెప్తానని ఫోన్ పెట్టేశాను. అది కూడా తప్పే. ఆమె ఇంకా ఫోన్ పట్టుకునే ఉందేమో.

తమ్ముడు నా భుజం మీదుగా స్క్రీన్ చూశాడు. చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో, తప్పు నాదే అన్నా. రాత్ కనబడంగనే కట్ జేసే కోడ్ నేనే రాసిన," అన్నాడు.

నిజం చెప్తాను, ఆ క్షణంలో నాకు కాస్త ఊపిరి ఆడింది. అతను తనంతట తానే తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. నేను ఊరుకుంటే చాలు. చిన్నవాడు, తప్పులు చేసే వయసు, ఎవరూ ఏమీ అనరు. అవతల ఒక అమ్మాయి తన ఇంట్లో అందరి ముందు నిలబడి, మా ఆఫీసు పని మీద పెట్టిన నమ్మకానికి జవాబు చెప్పుకుంటోంది. ఆ సంగతి గుర్తుకు రావడానికి నాకు కొంత సమయం పట్టింది. ఎంతని అడగకండి.

"నీ కోడ్ తప్పు చేసింది. ఆ తప్పును ఆ పిల్ల లైను పట్టుకున్నది. నేను ఆ లైనునే మార్చిన," అన్నాను.

అతను నావైపు చూశాడు. కోపం వచ్చింది, కనబడింది. బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. "తిట్టుడు తొవ్వల పెట్టుకుందం అన్నా. ముందు పా."

టెంట్‌హౌస్‌కు వెళ్లాం. యజమాని చీటీ చూపించి, శుక్రవారం అనే కదా ఉన్నది, నాదేం తప్పు అన్నాడు. ఆయన తప్పు లేదు. షామియానా, చాపలు గోదాంలోనే ఉన్నాయి. మనుషులను పిలిచి అప్పటికప్పుడే ఎక్కించి పంపాడు. డేగులు మాత్రం అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక ఫంక్షన్‌లో ఉన్నాయి, సాయంత్రం దాకా రావు. ఆయన తెలిసిన దుకాణాలన్నిటికీ ఫోన్లు చేశాడు. హయత్‌నగర్ దాకా అడిగాడు. పెళ్లిళ్ల రోజులు, ఎక్కడా ఖాళీ లేవు.

అప్పుడు తమ్ముడికి వాళ్ల ఊరు గుర్తొచ్చింది. కోహెడలో యువజన సంఘంవాళ్లు ఊళ్లో పెళ్లిళ్ల కోసం చందాలేసుకుని కొన్న పెద్ద గంజులు ఉన్నాయట. గంజు అంటే మావైపు వంటగిన్నె. వాటిని దాచే గది తాళం తమ్ముడి వాళ్ల అక్క ఇంట్లో ఉంటుంది. ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని కోహెడ వెళ్లాం. నన్ను తిట్టడం దారిలో పెట్టుకుందామన్నాడు కదా, ఆ పని అతను మరిచిపోలేదు. ఆటో మోతలో సగమే వినబడింది. వినబడిన సగానికి నేను అవ్, అవ్ అంటూ వచ్చాను. కోహెడ చేరేసరికి అతని కోపం అయిపోయింది, ఆకలి మొదలైంది.

వాళ్ల అక్క తాళం ఇస్తూ, ఎవరింటికి అని అడిగింది. హజ్‌కు పోయొచ్చిన పెద్దమ్మ దావత్ అని చెప్తే, గంజులతోపాటు రెండు పెద్ద గరిటెలు, మూతలు కూడా తెచ్చి వేసింది. మూతలు వెనక జారిపోతుంటే వాటిమీద నేను కూర్చున్నాను. ఆఫీసులో నా కుర్చీకి చక్రాలు ఉండేవి. ఈ కుర్చీ కింద మూడు చక్రాలున్నా, ప్రతి గుంతకూ నన్ను లేపి కూర్చోబెట్టింది.

మేం వెళ్లేసరికి షామియానా లేస్తోంది. ఇంటి ముందు మంచం మీద చాచా కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో ఆ అమ్మాయి. మమ్మల్ని చూసింది, పలకరించలేదు. ఏడ్చిన మొహం కాదు. ఒక నిర్ణయం తీసుకున్న మొహం. తర్వాత తెలిసింది, ఇక ఆఫీసుకు పోనని ఆమె పొద్దునే ఇంట్లో చెప్పేసిందట.

నేను ఆటో దిగి చాచా దగ్గరికి పోయాను. చుట్టాలంతా ఉన్నారు. "మీరు రోజు కరెక్టే చెప్పిన్రు. ఈ పిల్ల కరెక్టే రాసింది. నాకు జుమ్మేరాత్ అంటే తెల్వక, అడగకుండ, ఆమె రాసింది చెరిపి శుక్రవారం అని రాసిన. పొద్దుగాల ఫోన్ల మీ మీదనే తప్పు వేసిన. తప్పు నాది," అన్నాను.

చాచా లేచాడు. "ముందు గంజు దించున్రి. మాటలు తర్వాత," అన్నాడు. దించాం.

లోపలినుంచి దాదీ అడిగింది, ఏమైందని. ఎవరో చెప్పారు, వీళ్ల సారు జుమ్మేరాత్‌ను జుమ్మా చేశాడని. తెల్లటి దుపట్టా సర్దుకుంటూ ఆమె గుమ్మం దాకా వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసింది. "గంత దూరం పోయొచ్చిన బేటా, ఏడ గూడ దినం తప్పలే. ఇంటికొచ్చినంక తప్పింది," అంది. ముందు చాచా నవ్వాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు గానీ, లోపలికి పోయి మాకు మంచినీళ్లు తెచ్చింది.

వంటాయనకు మాత్రం ఆ గంజులు నచ్చలేదు. వేలితో కొట్టి చూశాడు, మూత వేసి చూశాడు. ఇది పప్పుచారు కాచే సామాను, దీంట్లో దమ్ పట్టదన్నాడు. బతిమాలితే సరేనని, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద దట్టంగా పెట్టించాడు. పిండి పిసికే పని నాకిచ్చారు. ఏ ఆఫీసులోనూ నా పనిని అంత దగ్గరగా నిలబడి ఎవరూ తనిఖీ చేయలేదు. ఆలస్యంగానైనా మూత తీశారు. ఆ వాసనకు షామియానా కట్టే మనుషులు కూడా తాళ్లు వదిలేసి వచ్చారు. గంజు పలచన కాబట్టి అడుగున కొంచెం మాడింది. ఆ మాడిన పెచ్చు కోసమే పిల్లలు కొట్లాడుకున్నారు. చివరికి దాన్ని వంటాయనే గీకి గీకి, ఇది నేను కావాలనే చేసిన అని చెప్పుకుంటూ పంచాడు. తమ్ముడు ఎన్నిసార్లు వడ్డించుకున్నాడో అతనే చెప్పాలి. నన్ను దాదీ తన పక్కనే కూర్చోబెట్టుకుంది. గిన్నెలో మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్లు, ఒక ఖర్జూరపండు పెట్టింది. అంత ఆనందంగా తిన్న భోజనం నాకు ఎక్కువ గుర్తులేదు. నేను చేసిన నిర్వాకానికి నాకు అది దొరకకూడదు, అయినా దొరికింది.

తిన్న తర్వాత కోహెడ గంజులు నేనూ తమ్ముడూ కడిగాం. ఆ అమ్మాయి నీళ్లు పోసింది. కాసేపటికి అడిగింది. "సార్, లైను మార్చేటప్పుడు నాకు ఒక ఫోన్ ఎందుకు చెయ్యలే?"

"అన్నీ పచ్చగ కావాలని," అన్నాను.

ఆమె ఇంకో చెంబు నీళ్లు పోసింది. సోమవారం ఆఫీసుకు వచ్చింది.

అంతకుముందే, శుక్రవారం పొద్దున, నేను మా ఆఫీసు యజమాని దగ్గరికి వెళ్లాను. నెట్‌వర్క్ సమస్య అని టెంట్‌హౌస్‌కు చెప్పేద్దామన్నాడు ఆయన. మంచి మనిషే, నన్ను కాపాడాలనే అన్నాడు. వద్దని, టెంట్‌హౌస్‌కు నేనే పోయి ఉన్నదున్నట్టు చెప్పి వచ్చాను. ఆ అమ్మాయి లైనును ఆమె రాసినట్టే తిరిగి పెట్టాను. అది ఎర్రగా వచ్చింది. తమ్ముడు పార్సర్‌ను దిద్దేదాకా ఎర్రగానే ఉంచాం. ఆ తర్వాత నా భాషలోనే ఒక మార్పు చేశాను. ప్రతి లైను చివర ఆ మాట చెప్పింది ఎవరో రాయాలి. లైను ఫెయిలైతే ముందు వాళ్లతో మాట్లాడాలి. వాళ్లు సరేనంటేనే బాణానికి కుడిపక్కనున్నది మారుతుంది. నేను మార్చబోయినా నా పరికరం ఒప్పుకోదు.

ఇంకా తెలియని మాటలు ఎన్ని ఉన్నాయోనని, దాదీ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయే తీసుకుపోయేది. దాదీ చాయ్ పోసి వారాల పేర్లు చెప్పేది. సోమవారం పీర్, బుధవారం చార్షంబా, శనివారం హఫ్తా. నేను రాసుకుంటూ ఆగాను. హఫ్తా అంటే వారం కదా అన్నాను. అవ్, అదీ హఫ్తానే, ఇదీ హఫ్తానే అంది. మరి ఎవరైనా హఫ్తాకు షామియానా కావాలంటే శనివారం అనుకోవాలా, వారం తర్వాత అనుకోవాలా అని అడిగాను. దాదీ నన్ను చాలా జాలిగా చూసింది.

"అడగాలె బేటా. అడిగితె చెప్పరా?"

మా పరీక్షల భాషలో బాణానికి కుడిపక్క ఒక ఫలితమో, తప్పో, అంతే ఉండేది. మూడో జవాబుకు చోటు లేదు. ఆ మరుసటి రోజు దాన్ని చేర్చాను. ఆ జవాబు వస్తే ప్రోగ్రాం ఊహించకుండా గిరాకీనే తిరిగి ప్రశ్నిస్తుంది. మొదటి లైను టైపు చేశాను: హఫ్తా, బాణం, అడుగు. సేవ్ చేయకుండా ఆ అమ్మాయిని పిలిచి చూపించాను.

ఆమె వంగి చూసింది. "సార్, షామియానా కొలత గూడ అడుగే కద. కుడిపక్క రెండు తీర్ల అడుగు వస్తె ఏది అనుకోవాలె?"

తమ్ముడు తన కుర్చీలోంచే పెద్దగా నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. మరి ఏం పెడదామని అడిగాను.

"దాదీ ఎట్లన్నదో అట్లనే పెట్టున్రి."

అడుగు చెరిపి, అడగాలె అని టైపు చేశాను. చివర ఎవరి మాట అన్నచోట దాదీ అని రాసి, కుర్చీలోంచి లేచాను. ఆమె కూర్చుని పరీక్షలు నడిపింది.